చూరు దాటిన బాలింత

గేషెకు పాములంటే భయం లేదు, తోడేళ్లంటే లేదు, అమెరికాలో తానుండే నెబ్రాస్కా మంచు తుఫానన్నా పెద్ద లెక్క లేదు. ఆవిడ భయమల్లా ఇంటి చూరంటేనే. నవ్వకండి. జర్మనీలో ఉత్తర సముద్రపు కట్ట పక్క పల్లెల్లో పుట్టిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది: పాస్టరు వచ్చి తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేసేదాకా పచ్చి బాలింత చూరు దాటకూడదు, బావి తాడు అసలే ముట్టకూడదు. ముట్టిందా, నీళ్లు చెడతాయి. ఆ నీళ్లు తాగిన పిల్లలు దక్కరు.

గేషె ఒకసారి దాటింది. సొంతూళ్లో, తొలి కాన్పప్పుడు, వాన ముంచుకొస్తోందని ఆరేసిన బట్టల కోసం పెరట్లోకి పరిగెత్తింది. వారం తిరక్కుండా పసివాడు పోయాడు. అత్త ఫ్రౌకె కంటతడి పెట్టలేదు. "నీ కాలు చూరు దాటింది, వాడి ప్రాణం ఒళ్లు దాటింది" అని ఊరుకుంది. ఆ పాపిష్టి మాట గేషెతోపాటే, అత్తతోపాటే ఓడెక్కి ఇంతదూరం వచ్చింది.

ఇక్కడ గేషె, మొగుడు హార్మ్ కలిసి మట్టిపెళ్లలు కోసి ఇల్లు కట్టారు. బీడు దున్నారు. బావి తవ్వారు. ట్రీన పుట్టింది, దాని తమ్ముడు ఐల్ట్ పుట్టాడు. రెండుసార్లూ పాస్టరు వచ్చేదాకా గేషె చూరు కిందే కూర్చుని, పిల్ల తుమ్మినా హడలిపోయింది.

ఇక్కడ మూడో బిడ్డ పుట్టిన ఏడు వానల్లేవు. గడ్డి నిలువునా ఎండింది. పాస్టరు జాడ లేదు. హార్మ్ గోధుమలు మరపట్టించడానికి బండి కట్టుకుని పట్నం పోయాడు. ఆ మధ్యాహ్నమే పడమట పొగ లేచింది.

"అత్తయ్యా, ఆ ఎరుపు చూశారా?"

"చూశాను. నువ్వు కదలకు. నీళ్లు నేను తోడతాను."

ముసలామె చేద వేసింది. సగం లాగేసరికి చేతులు వణికాయి, తాడు జారింది. చేద దబ్బున కిందికి పోయింది. మళ్లీ వేసింది, మళ్లీ అంతే. బంగాళాదుంపల మడిలోంచి పిల్లలిద్దరూ ఏడుస్తూ పరిగెత్తుకొస్తున్నారు. వాళ్ల వెనక గడ్డి చిటపటమంటోంది.

చూరు నీళ్లు పడి పడి నేలమీద ఓ చాలు ఏర్పడింది. గేషె ఆ చాలు ముందు ఆగిపోయింది. దాటితే బావి చెడుతుంది, పిల్లలు పోతారు. దాటకపోతే ఇప్పుడే కాలిపోతారు. ఏం చేస్తుందండీ తల్లి? దాటింది.

"వద్దే! వద్దే, నీకు దణ్ణం పెడతా!" అని అత్త అరుస్తూనే ఉంది. గేషె తోడింది, గోనెలు తడిపి పిల్లల్ని చుట్టింది, గుమ్మం ముందు మంటను గోనెతో బాదింది. గడ్డివాము పోయింది. ఇల్లు మిగిలింది, లోపలి పసిబిడ్డతో సహా పిల్లలు మిగిలారు.

మర్నాడు చేదలో నల్లటి నీళ్లు వచ్చాయి.

"చెప్పానా?" అంది ఫ్రౌకె.

అది గాలికి పడిన బూడిదేనని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. గేషె తన చేత్తోనే బావిమీద పలకలు పరిచింది. "ఈ నీళ్లు ముట్టారో, వీపు చీరేస్తా" అని పిల్లల్ని బెదిరించింది. ఆ రోజునుంచీ ముసలామె వాగునుంచి చిన్న బిందెతో నీళ్లు మోసుకొచ్చింది. తాను మాత్రం తాగదు. మరగకాచిన టీ తప్ప పుట్టి బుద్ధెరిగి మరోటి ఎరగదు. "పచ్చినీళ్లు కప్పలు తాగుతాయే" అనేది. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. వాగునీళ్లు కంపు కొడుతున్నా, ఇది నాకు పడాల్సిన శిక్షేలే అనుకుని గేషె ముక్కు మూసుకుని తాగింది.

పూటపూటా పిల్లల నుదుళ్లు తడిమేది. జ్వరం వాళ్లకు రాలేదు. తనకే వచ్చింది, దాంతోపాటు రక్త విరేచనాలు. మంచానికి అతుక్కుపోయినా ఒకటే పాట: "పిల్లలెలా ఉన్నారు? ఒళ్లు కాలుతోందా?"

హార్మ్ కాలిన నేల చుట్టి చుట్టి ఎన్నో రోజులకు ఇల్లు చేరాడు. గుమ్మంలోంచే అన్నాడు: "వాగు నీళ్లు ముట్టకండి. ఎగువన కాలిన పశువులు పడి కుళ్లుతున్నాయి."

ట్రీన లోటా తెచ్చి తల్లి పెదాలకు ఆనించింది.

"ఇవెక్కడివే? తియ్యగా ఉన్నాయి."

"బావిలోవే. కొట్టకమ్మా. ఆ వాగు నీళ్లు యాక్, కంపు! అందుకే పలక జరిపి మేం మొదట్నుంచీ ఇవే తాగుతున్నాం."

గేషె కళ్లు భయంతో పెద్దవయ్యాయి. ఇద్దర్నీ దగ్గరికి లాక్కుని నుదుళ్లు తడిమింది. చల్లగా ఉన్నాయి. బుగ్గలు నిండుగా ఉన్నాయి. మళ్లీ తడిమి, అత్తవైపు తిరిగింది.

"అత్తయ్యా, బావి చెడలేదు. మరి నా తొలివాడు... వాడు పోవడం కూడా నావల్ల కాదన్నమాటేనా?"

ఫ్రౌకె లోటా లాక్కుని బావి దగ్గరికి పరిగెత్తింది. ఆ వణికే చేతులతోనే ఎలా తోడిందో తోడింది. పుట్టి బుద్ధెరిగి ముట్టని పచ్చినీళ్లు గటగటా తాగింది. మిగిలినవి ఒలకబోసుకుంటూ, ఏడుస్తూ వెనక్కి వచ్చింది.

"కాదే నా తల్లీ, నీవల్ల కాదు. కడుపు మండి ఎవర్నో ఒకర్ని అనాలనిపించింది, నిన్ను అన్నాను. నీవల్ల కాదే!"

హార్మ్ అప్పటికే నిలిచిపోయిన భార్య కళ్లు మూస్తున్నాడు.