అక్క కూర్చుంటేనే వెలిగే దీపం

మా బావ కార్ల కరెంటు పని చేస్తాడు. ఆరడుగుల పైమాటే మనిషి, అందుకే షెడ్డులో అందరూ నిచ్చెన అంటారు. ఏ కారైనా సరే, ఎక్కే ముందు ఆయన చెయ్యి సీటు కిందికి పోయి మీట లాగుతుంది. సీటు కిర్రుమంటూ చివరిదాకా వెనక్కి జరిగాకే ఆ కాళ్లు లోపలికి వస్తాయి. చేస్తున్నానని ఆయనకే తెలియని అలవాటు అది.

అక్క ఆయన భుజానికి కూడా అందదు. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చే నర్సు. సీటు పూర్తిగా ముందుకు లాక్కుని, స్టీరింగుకు జానెడు దూరంలో కూర్చుని నడుపుతుంది.

ఆమె కారులో ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగడం మొదలైంది. ఆమె చెప్పడం, ఆయన ఎక్కడం, దీపం ఆరిపోవడం! కంప్యూటర్ తగిలిస్తే సీటు సెన్సర్‌లో ఎప్పుడో తప్పు వచ్చిందని చూపించేది. అది చెరిపేసి దిగిపోయేవాడు.

"నేను కూర్చుంటే లేని దీపం నీకెలా కనిపిస్తుంది? ముందు కళ్లు చూపించుకో," అనేవాడు.

పక్కనే నా స్పేర్ పార్టుల కొట్టు. ఇద్దరి మధ్యా నేను అడకత్తెరలో పోకచెక్కను.

ఒకరోజు పొద్దున్నే అక్క పాలిపోయిన మొహంతో వచ్చింది. ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగిందట.

"బెత్తెడులో తప్పిందిరా తమ్ముడూ. అప్పుడూ ఆ దీపం వెలుగుతూనే ఉంది. ఎదురు షెడ్డు అతను బల్బు పీకేస్తానన్నాడు. పీకించేస్తా, ఈ దడ అయినా ఉండదు."

బావ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. ఆయన భయపడటం నేను చూడటం అదే మొదలు. సీటు ఎంత ముందుకుందో చెప్పడమే ఆ సెన్సర్ పని. బండి గుద్దుకున్నప్పుడు మనిషి దగ్గరగా ఉంటే స్టీరింగులోని బ్యాగు మెల్లగా విచ్చుకోవాలి. ఆ కబురు అందకపోతే పూర్తి జోరుతో గుండెల మీద కొట్టొచ్చు, అసలు విచ్చుకోకనూ పోవచ్చు.

"తాళాలివ్వు," అంటూ తలుపు తీశాడు. చెయ్యి మీట మీదికి పోయింది.

"ఆగండి!" అక్క అరిచింది. "ఎక్కే ముందు ఎప్పుడూ అదే చేస్తారు. నేను కూర్చునే చోట మీరు ఒక్కసారైనా కూర్చున్నారా?"

బావ చెయ్యి అక్కడే ఆగిపోయింది. సీటు కదపకుండా, బయటి నుంచే చెయ్యి లోపలికి చాపి తాళం తిప్పాడు. దీపం వెలిగింది. అంతా బాగుంటే కాసేపట్లో ఆరిపోవాలి, ఆరలేదు.

తాళం తీసేసి, బ్యాటరీ తీగ ఊడదీసి, బ్యాగులో మిగిలిన కరెంటు చచ్చేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అక్క నా చెయ్యి పట్టుకుని నిలబడింది. తర్వాత ఆయన బోర్లా పడుకుని టార్చి వేశాడు. సెన్సర్ తీగ బట్టలారేసే తాడులా బిగుసుకుపోయి, సాకెట్లోంచి సగం ఊడి ఉంది. రెండో కొసన దాన్ని సీటు కింద బిగించి కట్టిన నల్లటి ప్లాస్టిక్ ట్యాగు.

ఎంతసేపటికీ లేవకపోతే, "ఏమైంది బావా?" అన్నాను.

"ఈ ట్యాగు నేను వేసిందేరా. కొత్త సీటు కవర్లు వేసినప్పుడు. సీటు వెనక్కి నెట్టుకుని, నా కాళ్ల కొలతకి కట్టాను, ముందుకు జరిపితే తీగ చాలదు."

ట్యాగు కోసి, తీగ వదులు చేసి, సాకెట్ బిగించాడు. సీటును ముందుకీ వెనక్కీ పదేపదే జరిపి చూశాడు. చివరికి ముందుకే తెచ్చి ఉంచాడు. బ్యాటరీ తగిలించి, పాత తప్పు చెరిపి, మళ్లీ బయటి నుంచే తాళం తిప్పాడు. దీపం వెలిగింది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఆరిపోయింది.

అక్క ఎక్కి కూర్చుంది. దీపం మళ్లీ రాలేదు.

"ఇప్పుడు కళ్లు ఎవరు చూపించుకోవాలండీ?"

బావ నవ్వలేదు. తలుపు పట్టుకుని నేల మీదే చతికిలబడ్డాడు. "ఇన్నాళ్లూ నిన్ను ఆ బ్యాగు ఎదురుగా కూర్చోబెట్టాను," అన్నాడు. అక్క కిందికి వంగి ఆయన జుట్టులో చిక్కుకున్న దుమ్ము దులిపింది.

ఇప్పుడు షెడ్డులో అక్క కారు పక్కకు తీయాల్సి వస్తే, ఆయన చెయ్యి ఇంకా మీటదాకా పోతుంది, అక్కడ ఆగుతుంది. ఆ పొడుగు కాళ్లు ముడుచుకుని, మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకుంటూ ఎక్కుతాడు. తిట్టుకుంటాడు కానీ, ముందు దీపం చూడనిదే సీటు జరపడు.