చూడని దేశాన్ని నేర్పిన వదినె

పైఇంటి వదినె పోయిందన్న కబురు నాకు జర్మనీ నుంచి వచ్చింది.

పోయిన నెల ఒక పొద్దున బియ్యం కడుగుతుంటే ఫోన్ మోగింది. ముందు ప్లస్ గుర్తు, తర్వాత తెలియని అంకెలు. అలాంటి నంబర్లు ఎత్తొద్దని వదినే చెప్పింది. మళ్లీ మోగితే ఎత్తాను కానీ నోరు విప్పలేదు. అవతలివాళ్లనే ముందు మాట్లాడనివ్వాలని చెప్పింది కూడా ఆమే.

"పిన్నీ, నేను రేణుకను. మేడం పోయింది పిన్నీ. నిజామాబాద్‌ల, వాళ్ల చెల్లె ఇంట్ల."

రేణుక వదినె దగ్గర జర్మన్ నేర్చుకుని అక్కడ నర్సుగా చేరిన అమ్మాయి. ఆమె నంబరు నా దగ్గర ఉంది, ఇది అది కాదు. ఏడుపులో గొంతు పోల్చుకునేలా లేదు. ఈ రోజుల్లో గొంతులు కూడా తయారుచేస్తున్నారట.

"నువ్వు రేణుకవే అయితె చెప్పు. మా వదినె చాయ్‌ల చక్కెర ఎంత ఏస్తది?"

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"ఎయ్యనే ఎయ్యది పిన్నీ. వేరే గిన్నెల పెట్టి ఇస్తది. ఎవలది వాళ్లే కలుపుకోవాలె."

అప్పుడు పొయ్యి ఆర్పి కింద కూర్చున్నాను.

వదినె చూసిరావడానికి పోయిన ఆ చెల్లెలి దగ్గర మా నంబర్లు లేవు. వదినె ఫోన్‌లో పైన కనబడ్డ పేరుకు చేసింది. ఆ పేరు రేణుకది. రేణుక రాత్రి డ్యూటీలో ఉండి, తన ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే పక్క నర్సు ఫోన్ అడిగి నాకు చెప్పింది. మా గోడకు ఆనుకుని ఉన్న మెట్లెక్కితే వచ్చే ఇంటి కబురు అంత దూరం తిరిగి వచ్చింది.

వదినె అంటే నా మొగుడి తోబుట్టువు కాదు. ఆయన ఆమెను అక్కా అనేవాడు కాబట్టి నాకు వదినె అయింది. ఆమె భర్త రైల్వేలో ముద్‌ఖేడ్‌లో పనిచేసేవాడు. ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చేసి, నాందేడ్‌లో మా మీది అంతస్తుకు అద్దెకు వచ్చింది. చిన్నప్పుడు హైదరాబాద్‌లో సాయంత్రం క్లాసులకు పోయి జర్మన్ నేర్చుకుంది. ఇక్కడ ఒక ఇంగ్లీష్ మీడియం బడిలో అదే పాఠం చెప్పేది. తర్వాత బడివాళ్లు ఆ భాష తీసేశారు. ఆమె తీసేయలేదు. ముందు గదిలో చాప పరిచి నర్సింగ్ చదివిన అమ్మాయిలకు చెప్పడం మొదలుపెట్టింది.

మా గల్లీకి మొదట్లో అదంతా అనుమానంగా ఉండేది. విదేశీ స్టాంపులతో కవర్లు వస్తాయి. పొద్దున అమ్మాయిలు బ్యాగులతో మెట్లెక్కుతారు, కొన్నాళ్లకు ఒకమ్మాయి కనబడదు. ఎదురింటి మరాఠీ ఆవిడ, అందరూ కాకూ అంటారు, నన్ను ఆపి అడిగింది. "పోరీంనా కుఠే పాఠవ్తే గ హీ?" ఈమె పిల్లల్ని ఎక్కడికి పంపిస్తోంది అని. నాకూ సరిగా తెలియదు కాబట్టి వదినెకే చెప్పాను.

వదినెకు కోపం రాలేదు. "అడిగింది మంచిదే. అడగనోళ్లతోనే భయం. రమ్మను, కూసొని చూడమను" అంది. కాకూ ఒలవాల్సిన బఠాణీలు పళ్లెంలో పెట్టుకుని వచ్చి క్లాసంతా కూర్చుంది. మరునాడు పాలవాడికి జర్మన్‌లో గుడ్ మార్నింగ్, "గూటెన్ మోర్గెన్" అని చెబితే, అతను అదేదో కొత్త పాల ప్యాకెట్ అనుకుని లేదన్నాడు. ఆ తర్వాత గల్లీలో ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంట్లో కూర్చుని విదేశీ భాష చెప్పేవాళ్లకు ఏ సాయం దొరుకుతుందో, ఏది దొరకదో ఆమెను చూసే నేను తెలుసుకున్నాను. పుస్తకాలు ఖరీదు. ఉచితంగా వచ్చే పోస్టర్లు, పత్రికలు బడులకే ఇస్తారు. ఇంటర్నెట్‌లో టీచర్లకు ఉచిత పాఠాలుంటాయి. వాటిలో ఏది అసలుదో, ఏది ఫోన్ నంబరు కోసం పెట్టిన ఉచ్చో చూసి చూసి పట్టుకోవాలి. పూణేలో ఒకసారి టీచర్ల సమావేశమైతే సొంత ఖర్చుతో పోయింది. వాళ్లు ఉచితంగా ఇచ్చిన గుడ్డ సంచీని లోపలి జేబుదాకా తిరగేసి చూసి నాకిచ్చింది. "ఫుకట్ల అచ్చిన దాన్ని రెండుపక్కల చూడాలె" అనేది.

అందుకే ఆమె పాఠ్యపుస్తకాలు వేరు. అక్కడికి చేరిన ప్రతి అమ్మాయికీ ఒకే మాట చెప్పేది. "చాక్లెట్లు పంపకు. నీ తలుపుకాడ డబ్బాల పడేసి పోతరు గదా దుకాణం కాయితాలు, బస్సు టైంల కాయితాలు, అవి పంపు." ఆ చెత్త కాగితాలతోనే ఆమె క్లాసు నడిచేది. ఒకమ్మాయి ఉల్లిగడ్డలు కొనాలి, ఇంకొకతి అమ్మాలి. ఒకతి బస్సు తప్పిపోయి దారి అడగాలి. దారి చెప్పే అమ్మాయికి కావాలని తప్పు చెప్పమని చెవిలో చెప్పేది. రెండోసారి ఇంకొకరిని అడిగి సరిచూసుకున్న పిల్లకే ఆ రోజు శభాష్.

ఎందుకింత అనుమానం అని నేను ఒకసారి అడిగాను. ఆమె ఒక పాత సంగతి చెప్పింది. బడిలో ఉన్నప్పుడు హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న పుస్తకంతోనే చెప్పేదట. అందులో బేరాలన్నీ మార్కులనే పాత జర్మన్ డబ్బులో ఉండేవి. ఆ దేశంలో ఆ డబ్బు పోయి యూరో వచ్చినా ఆమె మార్కుల్లోనే కొనిపించింది. ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి చెప్పిందాకా తెలియలేదు.

"అప్పటిసంది నామీద నాకే అనుమానం. నేను ఆ దేశం చూసిన్నా? లేదు. చూడని ఊర్ల ఎట్ల బతకాల్నో పిల్లలకు చెప్తున్న. అది అబద్ధమైతె? రేపు ఆ పిల్ల అక్కడ నలుగుర్ల నవ్వులపాలైతె?"

టీచర్లను మూడు వారాలు అక్కడికే పిలిచి, ఖర్చు పెట్టుకుని శిక్షణ ఇచ్చే అవకాశాలు ఉన్నాయి. ఆమె రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. పనిచేసే సంస్థ నుంచి ఉత్తరం తెమ్మన్నారు. చాప మీద నడిచే క్లాసుకు ఉత్తరం ఎవరిస్తారు? బడిని అడిగితే మా దగ్గర ఆ సబ్జెక్టే లేదన్నారు. అది నిజమే కూడా.

ఇలా ఉండగా మూడేళ్ల కింద ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. హైదరాబాద్ కంపెనీ అన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. నేను అప్పుడు వదినె ఇంట్లో చింతపండు పిక్కలు తీస్తున్నాను.

"అమ్మా, మీ అసుంటి టీచర్ ఈ జిల్లాల లేదు. స్టేషన్ రోడ్ల హాలు తీస్కున్నం. ఏసీ, పెద్ద స్క్రీన్. నెలనెల జీతం. మూడు వారాలు జర్మనీల టీచర్ ట్రైనింగ్, టికెట్ గూడ మాదే."

"మీకేం గావాలె?"

"మీ పేరు చాలమ్మా."

"ఉత్త పేరు ఎవలడుగుతరు సార్. ఇంకేం గావాలె?"

ఆయన నవ్వి, చక్కెర గిన్నె వైపు చూశాడు. "ఏందమ్మా, చాయ్‌ల చక్కెర గూడ మేమే ఏస్కోవాల్నా?"

"ఎంత తీపి తాగుతరో మీకే ఎరుక గదా" అంది వదినె.

కావాల్సినవి మెల్లగా చెప్పాడు. అమ్మాయిల అసలు సర్టిఫికెట్లు కంపెనీ దగ్గర ఉంచాలి. నాలుగు నెలల్లో కోర్సు అయిపోయిందని వదినె సంతకం పెట్టాలి. ఆమె అదే కోర్సుకు ఏడాదికి పైనే తీసుకునేది.

ఆయన పోయాక కాగితాలు నా ముందు పెట్టింది. "పాలోని లెక్కల గూడ తప్పు పడ్తవ్ గదనే. నీ లెక్కల కండ్లతోని సదువు."

నేను వేలు పెట్టుకుని పంక్తి పంక్తి చదివాను. అమ్మాయి మధ్యలో మానేస్తే కంపెనీకి అయిన ఖర్చు కట్టిందాకా సర్టిఫికెట్లు వెనక్కి ఇవ్వరు. ఖర్చు ఎంత అన్న చోట ఖాళీ వదిలారు. "వదినే, ఈ ఖాళీ జాగల ఎవలు ఎంత రాసుకుంటరు?" అన్నాను. ఎర్ర పెంకుల కప్పున్న భవనం బొమ్మ వేసిన ట్రైనింగ్ కాగితం ఆమె చేతిలో ఉంది. "అబద్ధమైనా బొమ్మ మంచిగున్నది" అంది.

నేరుగా కాదనలేదు. అక్కడ అమ్మాయిలను పనిలోకి తీసుకునే దవాఖానవాళ్లతో మాట్లాడించమంది. ఆదివారం వీడియో కాల్ పెట్టారు. "ఆదివారం అక్కడ ఆఫీసు ఎవలు తెరుస్తరే?" అని నా చెవిలో అంది. కంపెనీ ఆయన మాత్రం మీ వీలు కోసమే అన్నాడు. అమ్మాయిలంతా మంచి బట్టలు కట్టుకుని చాప మీద కూర్చున్నారు. తెరమీద టై కట్టుకున్న తెల్లాయన నవ్వుతూ చాలా మర్యాదగా మాట్లాడాడు. వదినె కూడా మర్యాదగానే ఏదో అడిగింది. ఆయన తెల్లబోయి ఒక మాట చెప్పాడు. కాల్ అయిపోయింది.

ఏం అడిగావంటే చెప్పింది. మీ ఇంట్లో పాత పేపర్లు ఏ రంగు డబ్బాలో వేస్తారు, ఏ రోజు తీసుకుపోతారు అని. అక్కడ కాగితానికి ఒక డబ్బా, గాజుకు ఒకటి, మిగతాదానికి ఒకటి ఉంటాయట. ఆయన, అంతా ఒకదాంట్లోనే వేస్తాం అన్నాడట.

రేణుక లేచి నిలబడింది. ఆమెది కిన్వట్, వాళ్ల నాన్నది కిరాణా కొట్టు. బ్యాచ్‌లో అందరికంటే ముందుండేది ఆమే, తొందరా ఆమెకే.

"చెత్తడబ్బా తెల్వకపోతె దొంగోడైతడా మేడం? మా నాయినకు గూడ తెల్వది మా ఇంట్ల చెత్త యాడికి పోతదో."

అందరం నవ్వాం. వదినె కూడా నవ్వింది.

"దొంగోడన్ననా? నాకు తెల్వదన్న. తెల్వని చేతికి అసలు కాయితాలు ఇయ్యొద్దన్న. అవి పోతె నువ్వు జర్మనీ కాదు, నాందేడ్‌ల గూడ నర్సువు కావు."

"మీకెవ్వల మీద నమ్మకం లేదు. మీరు చూడలే, మమ్ముల్ని చూడనియ్యరు."

రేణుక చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. మర్నాడు వదినె కంపెనీ ఆయనకు ఫోన్ చేసి రానని చెప్పింది. ఎర్ర కప్పు బొమ్మ ఉన్న కాగితాన్ని మిగతా కాగితాలతో కలిపి తిరిగి ఇచ్చేసింది. ఒకసారి మడిచి, మళ్లీ విప్పి చూసి ఇచ్చింది. మళ్లీ ఎప్పుడూ ఎవరూ ఆమెకు టికెట్ ఇస్తామనలేదు.

ముగ్గురమ్మాయిలు ఆ హాలుకు మారారు. వర్షాలు మొదలయ్యేలోపు హాలుకు తాళం పడింది. ఇద్దరి సర్టిఫికెట్లు చాలా తిప్పల తర్వాత చేతికొచ్చాయి. మూడో అమ్మాయి మాత్రం నిజంగానే జర్మనీ చేరింది, ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. అందుకే వదినె అనుమానమే గెలిచిందని నేను రాయను. ఆ అమ్మాయి చేరిందని తెలిసినప్పుడు వదినె "మంచిగయింది" అని రెండుసార్లు అంది. తర్వాత, "సంతకం పెట్టిన కాయితం సదివిందో లేదో అడుగు" అంది.

రేణుక కొన్ని వారాలకు కిన్వట్ రైలు దిగి తిన్నగా వచ్చి చాప మీద కూర్చుంది. వదినె "హోంవర్క్ ఏది?" అని మాత్రం అడిగింది. తర్వాత రేణుకే చెప్పింది. ఆ హాలుకు పోయి ఖాళీ జాగాలో ఎంత రాస్తారని అడిగిందట. ముందు సంతకం పెట్టు అన్నారట. మళ్లీ అడిగిందట. "రెండోసారి అడిగెటాల్లకు కోపమొచ్చింది మేడం వాళ్లకు. నాకు మీరు యాదికొచ్చిన్రు."

రేణుక దారి పొడుగైంది. పరీక్ష ఒకసారి తప్పింది. ఒక్కో కాగితం తనే చదివి, అర్థం కానిచోట అడిగి, పోయిన ఏడు చలికాలంలో వెళ్లింది. చేరాక వచ్చిన మొదటి సెలవురోజు వీడియో కాల్ చేసింది.

నేను పక్కనే ఉన్నాను. వదినె కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌ను ముక్కుకు ఆనించినంత దగ్గర పెట్టుకుంది. బాగున్నావా అని కూడా అడగలేదు. "ముందటికి తిప్పు. ఆగు. ఎనకకు తిప్పు. ఆ తలుపు మీద ఏం రాసున్నదో సదువు" అంటూ ఒక్కో గోడను, ఒక్కో దుకాణాన్ని సోదా చేస్తున్నట్టు చూసింది. చూసినదాన్ని దేన్నీ మెచ్చుకోలేదు.

ఒక మూల మలుపు దగ్గర రేణుక ఆగింది. ప్రతి బ్యాచ్‌కూ వదినె చెప్పే సంగతి ఒకటుంది. అక్కడ రోడ్డుమీద ఒక్క బండీ లేకపోయినా ఎర్ర లైటు ఉంటే మనుషులు నిలబడతారని. మా స్టేషన్ రోడ్డు దాటి వచ్చిన పిల్లలు ఎప్పుడూ నమ్మలేదు, పడీపడీ నవ్వేవాళ్లు. చెబుతున్నప్పుడు ఆమె గొంతు కూడా కొంచెం తగ్గేది. పుస్తకంలో చదివిన మాటే తప్ప చూసింది కాదు.

ఫోన్‌లో రోడ్డు ఖాళీగా ఉంది. ఈ కొస నుంచి ఆ కొసదాకా ఏ బండీ లేదు, సన్నగా మంచు పడుతోంది. ఎర్ర లైటు. అంచున ఒక ముసలాయన, తాడు కట్టిన చిన్న కుక్క. రేణుక ఫోన్‌ను అలాగే పట్టుకుంది. ఆయన నిలబడే ఉన్నాడు. కుక్క ఒకసారి తాడు లాగి, ఊరుకుంది. కింద గల్లీలో ఆటో ఒకటి హారన్ కొడుతూ పోయినా వదినె కళ్లు తిప్పలేదు.

లైటు పచ్చబడింది. ముసలాయన కదిలాడు. మా కిటికీ దగ్గర వదినె కూడా, తనకు తెలియకుండానే, ఒక అడుగు ముందుకు వేసింది.