తగాదాకు కుర్చీ వేసిన అమ్మాయి

మధ్యవర్తిగా ఆమె చెమటోడ్చి గెలిచిన మొట్టమొదటి తగాదా లాండ్రీ తోడికోడళ్లది. ఒకే బల్లకు చెరో వైపు నిలబడి ఇస్త్రీ చేస్తూ, తొమ్మిదేళ్లపాటు మాట్లాడుకోని ఆడవాళ్లు వాళ్లు. చెప్పవలసింది చీటీ మీద రాసి చొక్కా కాలరుకు గుచ్చేవారు. ఇద్దరు పెద్దమనుషులు, ఒక వకీలు చేతులెత్తేసిన వ్యవహారం. ఆమె ఏడు నెలలు పట్టిన పట్టు విడవలేదు.

ఆమె పద్ధతే వేరు. తప్పెవరిదని అడగదు. ఇద్దరినీ ఒకే వైపు కూర్చోబెట్టి, ఎదురుగా ఖాళీ కుర్చీ వేస్తుంది. అది తగాదా కూర్చునే చోటు. దానికి పేరు వాళ్లే పెట్టాలి. తోడికోడళ్లు 'మూడో తోడికోడలు' అని పెట్టారు.

"సరే, ఆ మూడో ఆవిడ పొద్దున ఎన్నింటికి దిగుతుంది?"

"కొట్టు తియ్యకముందే తయారు!" అంది పెద్దామె.

"పూచికపుల్ల తీసి పక్కన పెట్టదు గానీ, పెత్తనం మాత్రం ఆవిడదే," అంది చిన్నామె.

పెద్దామెకు నవ్వాగలేదు. చీటీలు ఆ రోజుతో సరి.

అక్కణ్ణించి మూడేళ్లలో నలభై ఒక్క తగాదాలు. ముప్పై ఆరు చల్లారాయి. గోడ పంచుకున్న ఇరుగుపొరుగు, టైంటేబుల్లో ఒకే గంట కోసం కొట్టుకున్న ఇద్దరు లెక్కల మాస్టార్లు, మామా అల్లుడూ, ఎవరైతేనేం. ఆమె పనిచేసే మధ్యవర్తుల కార్యాలయంలో గోడ మీద ఆమె ఫొటో ఉంది. మనలాంటి పనివాళ్ల ఇళ్లలో పుట్టిన ఏ ఆడపిల్ల ఫొటో అంతకుముందు ఏ గోడా ఎక్కలేదు.

అందరికన్నా ఎక్కువ మురిసిపోయింది వాళ్ల నాన్న. ఆయన వడ్రంగి. ఆ కుర్చీ చేసిచ్చింది ఆయనే.

"ఏం మేస్త్రీ, మాకూ మా ఆవిడకూ కూడా మీ అమ్మాయి కుర్చీ వేస్తుందా?" అని ఎవరైనా అడిగితే, చిత్రిక పట్టడం ఆపి, "మీ తగాదాకు కుర్చీ చాలదయ్యా, బెంచీ కావాలి!" అనేవాడు.

కార్యాలయంలో ఒక నియమం ఉంది. మధ్యవర్తులు ఏడాదికి ఒకసారి తమ ఇంటి తగాదాను కూడా ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. ఈసారి ఆమె ఎంచుకున్నది అన్నయ్య సంగతి.

పన్నెండేళ్ల కిందట, మధ్యాహ్నం భోజనాల వేళ, నాన్న కొట్టు తగలబడింది. జిగురు కాచే పొయ్యి ఆర్పకుండా పెద్దాడు వెళ్లిపోయాడని, రంపపు పొట్టు అంటుకుందని ఇంటిల్లిపాదికీ తెలిసిన కథ. ఇరవయ్యేళ్ల కుర్రవాడు "నేను కాదు నాన్నా" అని ఒక్కసారే అన్నాడు. వారం తిరక్కుండా ఇల్లు వదిలాడు. నెల కిందట అతని దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. నాలుగేళ్ల కూతురు తాతయ్య ఎక్కడని అడుగుతోందట, తీసుకురావచ్చా అని. నాన్న జవాబు రాయలేదు. నాన్న చేత 'క్షమించాను' అనిపించి, ఆ ఒక్క ముక్క రాయించాలని ఆమె ఆశ.

మళ్లీ కట్టుకున్న ఆ కొట్టులోనే కుర్చీ వేసింది. అమ్మానాన్నలు పక్కపక్కనే కూర్చున్నారు.

"దీనికి పేరు పెట్టండి."

"పేరేమిటమ్మడూ, నిర్లక్ష్యం!" అన్నాడు నాన్న తడుముకోకుండా.

"మంచిది. ఎవరి కంటితో ఏం చూశారో అది మాత్రమే చెప్పండి. ముందు నువ్వు, నాన్నా."

"నేను ఎవరింటికో తలుపులు బిగించడానికి వెళ్లాను కదా. వచ్చేసరికి మీ అమ్మ గుమ్మంలో ఏడుస్తోంది. పెద్దాడు పొయ్యి ఆర్పలేదని చెప్పింది."

అమ్మ చివ్వున తలెత్తింది. "నేనా? నేనెక్కడ చూశానండీ? కుళాయి దగ్గరున్నాను. పొయ్యి ఆర్పి ఉండడు వెధవ అని వీధి మొదట్లోనుంచే అరుచుకుంటూ వచ్చారు మీరు. మీరన్నారనే నేనూ అన్నాను."

"నేనరిచానా?"

"పక్కింటివాళ్లు కూడా విన్నారు."

నాన్న వీధి వైపు చూశాడు. వీధి మొదట్లో! అక్కణ్ణించి పొగ తప్ప ఏమీ కనబడదు. అంటే కొట్టు చూడకముందే తీర్పు చెప్పేశాడు. ముందు రోజు చిత్రిక మంచులో వదిలేశాడని కొడుకును తిట్టిన కోపం ఇంకా నోట్లోనే ఉంది. నిప్పు తరవాత అంటుకుంది. కథ ముందే సిద్ధంగా ఉంది.

"మరి... చూసిందెవరే?" అన్నాడు, ఎవరిని అడుగుతున్నాడో తనకే తెలియకుండా.

ఎవరూ లేరు. ఆయన మాట అమ్మ దగ్గర, అమ్మ మాట ఆయన దగ్గర, పన్నెండేళ్లు అలా తిరుగుతూనే ఉంది.

ఆయన కూతురి వైపు చూశాడు, ఏదో ఒక ప్రశ్న వేసి ఒడ్డున పడేస్తుందని. ఆమె ఖాళీ కుర్చీనే చూస్తోంది. నలభై ఒక్క తగాదాల్లో ప్రతివాళ్లనూ 'నువ్వు చూశావా' అని అడిగిన మనిషి, సొంత ఇంట్లో ఒక్కసారీ అడగలేదు.

"ఈ ఉద్యోగానికి ఎంపిక చేసే రోజున, మా అన్న నిర్లక్ష్యం మా కొట్టును కాల్చిందని చెప్పాను నాన్నా," అంది. "ఎంత నిజాయితీ అని అందరూ మెచ్చుకున్నారు."

నాన్న కాగితం అడిగాడు. వడ్రంగి పెన్సిలుతోనే రాశాడు. క్షమించానని రాయలేదు. క్షమించడానికి తానెవరు? "ఆ రోజు నేను చూడలేదు. నీ మాట వినలేదు. ఏం జరిగిందో ఇప్పుడు చెప్పు, వింటాను. చెప్పడం ఇష్టం లేకపోయినా సరే, పిల్లను తీసుకురా."

"పోస్టులో వెయ్యి," అంది అమ్మ.

"ఇది పోస్టులో వేసేది కాదమ్మా. నేను చెప్పిన అబద్ధం కూడా ఉంది. నా నోటితోనే చెప్పుకోవాలి," అంది ఆమె.

ఉద్యోగంలో చేరాక ఆమె పెట్టిన మొదటి సెలవు అదే, పది రోజులు. రైల్లో రెండు రోజుల దారి. అన్నయ్య తలుపు తీస్తాడో, తీసి మొహాన వేస్తాడో ఎవరికీ తెలియదు. తిరుగు బండిలో ఆమె వెంట వచ్చేదెవరన్నదీ అన్నయ్య వాళ్లిష్టం. ఆమె మాత్రం వచ్చే నెల పదకొండో తేదీ, గురువారం పొద్దుటి బండికి తిరిగి ఇక్కడ దిగుతుంది.