మ్యాట్నీలో వేయని రీలు

మా అక్క కాపురం ఆమె పొగరు వల్లే చెడిందని మా బంధువుల్లో ఇప్పటికీ ఒక మాట ఉంది. పెళ్ళిళ్ళలో, దినాల్లో, పంక్తిలో పక్కన కూర్చున్నవాళ్ళు ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. నేను సగంలోనే విస్తరి మడిచి లేచిపోతాను. లేచాక ఎక్కడికి పోవాలో తెలియక పందిరి చుట్టూ తిరుగుతాను. ఆ మాట నిజం కాదు. పుంగనూరు చుట్టుపక్కల ఒక వయసు ఆడవాళ్ళు ఒక పాత ప్రేమ సినిమా గురించి ఒట్టేసి చెప్పే మాట కూడా నిజం కాదు. రెండూ నేను చేసిన ఒక పని నుంచి పుట్టినవే.

తొంభైల మొదట్లో నేను పుంగనూరులో ఒక టాకీసులో ఆపరేటరుగా ఉండేవాణ్ణి. ఆ హాలు ఇప్పుడు లేదు. కొత్త సినిమాలు ముందు మదనపల్లెలో ఆడి, ప్రింటు నిండా గీతలు పడ్డాక మా దగ్గరికి వచ్చేవి. ఈ సినిమా మాత్రం పాతదయ్యేకొద్దీ ఎక్కువ ఆడేది. నేను బళ్ళో చేరకముందు వచ్చిన సినిమా అది. ఒక నవలను తెరకెక్కించారు. దాని పేరు రాయను. రైలు స్టేషను, ఆకుపచ్చ శాలువా అంటే చూసినవాళ్ళకు చాలు. ఏడాదికోసారి దాని రీళ్ళ పెట్టె ఊళ్ళోకి రాకపోతే జనం మా మేనేజరును బజారులో నిలబెట్టి అడిగేవారు. మొదటి పాట మొదలవగానే నేల టికెట్టు వాళ్ళు తెర మీదికి చిల్లర విసిరేవారు. హీరోయిన్ రవిక చేతుల కుట్టు ఎలా ఉందో చూడటానికి మా వీధి టైలరు కత్తెర చేత్తో పట్టుకునే హాలుకు వచ్చేవాడు.

కథ పెద్దదేమీ కాదు. కొండ మీది ఊళ్ళో పోస్టాఫీసులో పనిచేసే అమ్మాయి, అక్కడ వంతెన కట్టడానికి వచ్చిన ఇంజనీరు ప్రేమించుకుంటారు. ఒక మాట దగ్గర పట్టింపు వస్తుంది. అతను వెళ్ళిపోతాడు. అతనే రావాలని ఆమె కూర్చుంటుంది. ఏళ్ళు పోతాయి. ఒక రోజు స్టేషనులో రైలు ఆగుతుంది, అతను దిగుతాడు, ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఆమె అతన్ని చూసి నవ్వుతుంది. చివరి రీలుకు ముందు రీలు ఆ నవ్వుతో అయిపోతుంది. చివరి రీలులో అతని వెనకే భార్య, బిడ్డ దిగుతారు. వెయిటింగ్ రూములో అందరూ మర్యాదగా మాట్లాడుకుంటారు. పిలవడానికి తనకు నోరు రాలేదని, అది తన తప్పేనని ఆ అమ్మాయి అతనితో చెబుతుంది. రైలు కదులుతుంది. నవలలో కూడా అంతేనట.

మా మ్యాట్నీ ఆడవాళ్ళ ఆట. సోమల దారిలో ఉన్న పల్లెల నుంచి గుంపులుగా వచ్చేవారు. అందరివీ ఆవులున్న ఇళ్ళే. సాయంత్రం పాలు పితికి పాల కేంద్రంలో పోయాలి. వాళ్ళ బస్సు సినిమా అయ్యేలోపే కదిలేది. అందుకని స్టేషను సీను దగ్గర సగం హాలు లేచి, తెర వైపే చూస్తూ వెనక్కి వెనక్కి తలుపుల దాకా నడిచేది. ఒకరి కాలు ఒకరు తొక్కుకుని తిట్టుకునేవారు. ఒక రోజు వాళ్ళలో నోరున్న పెద్దమ్మ ఒకామె ఆపరేటరు గది కిందికి వచ్చి నిలబడింది.

"ఏమప్పా, మా ఆవులు మీ సినిమా అయ్యేదంకా పొదుగు బిగబట్టుకోనుంటాయా? యాడన్నా కొంచిం కత్తిరించప్పా."

"యాడ కత్తిరించేది పెద్దమ్మా? పాట తీస్తే నువ్వే కుర్సీ ఇరగ్గొడతావు."

"పాట మింద సెయ్యేస్తివా, నీ సెయ్యి ఇరిసేస్తా. తమాసాలు తీసెయ్."

హాస్యం సీన్లు తీసేశాను. మరుసటి రోజు ఇంకో గుంపు గొడవకు వచ్చింది. "ఇంట్లో ఎట్లాగూ నవ్వేది లేదు, ఈడ గూడా నవ్వొద్దా?" అంది అందులో ఒకామె. అవి మళ్ళీ అతికించాను.

చిన్న ఊళ్ళ ఆపరేటర్లకు కత్తిరింపు కొత్త కాదు. బస్సు చూసి ఫైటు తీసేవాళ్ళం, కరెంటు చూసి పాట తీసేవాళ్ళం. నాకు తోచిన ఉపాయం వేరే. చివర్లో వచ్చే 'శుభం' ముక్కను కోసి, నవ్వు దగ్గర ఆగే రీలు తోకకు అతికించాను. మ్యాట్నీలో ఆ నవ్వు వెంటనే శుభం పడేది. తలుపులు తెరుచుకునేవి. రాత్రి ఫస్టు షోకు శుభం ముక్క రాకముందే రెండో మిషనుకు మార్చి చివరి రీలు వేసేవాణ్ణి. మొదటి రోజు ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ పైకి చూసి, "బతికిస్తివి నాయనా ఇద్దర్నీ" అంది. ఆమె నన్నే మెచ్చుకున్నట్టు అనిపించి నేను రోజంతా గదిలో నిలవలేకపోయాను.

అప్పటికే అక్క కుప్పం నుంచి వచ్చేసి మా ఇంట్లో ఉంది. ఆమె పుట్టింటి నుంచి తోలుకుపోయిన ఆవును బావ ఆమెకు చెప్పకుండా అమ్మేశాడు. బావకు కుప్పంలో రాళ్ళు పాలిష్ చేసే షెడ్డులో పని. ఆవును చూసుకునే మనిషి లేదన్నాడట. "నేను మనిషిని గాదా?" అని అడిగి, ఆమె బస్సెక్కి వచ్చేసింది. వచ్చి పిలిస్తే పోతానంది. వస్తే రమ్మనండని బావ ఒక బంధువు చేత కబురు పంపాడు. మా నాయన రోజూ ఏదో ఒకటి అనేవాడు. ఆమె గడ్డి కోసుకుని వచ్చేది, నీళ్ళు మోసేది, గడప మీద కూర్చునేది, లేచి మళ్ళీ ఏదో పని వెతుక్కునేది. ఒకచోట ఉండేది కాదు.

నేనే ఆమెను మ్యాట్నీకి రమ్మన్నాను. ఆ రోజు ఇంటికి వచ్చి మొదటిసారి కడుపునిండా తిన్నది. పెట్టె వెళ్ళేదాకా ప్రతి మ్యాట్నీకీ వచ్చింది. మరుసటి ఏడు పెట్టె తిరిగి వచ్చినప్పుడూ వచ్చింది. అప్పటికే పల్లెల్లో ఒక తగాదా నడుస్తోంది. ఫస్టు షో చూసిన మగవాళ్ళు, అతను పెళ్ళాంతో దిగుతాడని చెప్పేవారు. ఆడవాళ్ళు నమ్మేవారు కాదు. "తాగి నిద్దరపోయుంటారు, ఇంగో సినిమా కల్లో వచ్చుంటాది" అని పెద్దమ్మ తేల్చేసింది. అక్క మాత్రం నన్ను అడిగింది. పెరట్లో గడ్డి పరుస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"రాత్రి ఆటలో వేరే మాదిరి అంటాండారు. నిజమేనా?"

అప్పుడు చెప్పి ఉండవచ్చు. అడ్డం ఎవరూ లేరు. ఆమె ముఖం మళ్ళీ మొదటికి పోతుందని భయం వేసింది. హాలంతా నన్ను మెచ్చుకుంటోందన్న గర్వం కూడా ఉంది, అది దాచను.

"మ్యాట్నీదే అసలు సినిమా అక్కా. రాత్రి ఏసేది వేరే ప్రింటు" అన్నాను.

ఆమె తలూపింది. తర్వాత నాయన ఎప్పుడు కుప్పం మాట ఎత్తినా ఆమె జవాబు ఒకటే. "వస్తాడు లే నాయనా. వచ్చేవాళ్ళు లేటుగా అయినా వస్తారు." ఇంట్లో వాళ్ళకు ఆ ధీమా ఎక్కడిదో తెలియదు కాబట్టి దానికి పొగరు అని పేరు పెట్టారు. తమ్ముడిగా నేను కుప్పం పోయి బావతో మాట్లాడాల్సింది. బస్సెక్కితే పలమనేరులో మారి మధ్యాహ్నానికి చేరేవాణ్ణి. మ్యాట్నీ ఎవరు వేస్తారని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. తర్వాత ఒక రోజు బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడన్న కబురు వచ్చింది. అక్క ఆ రోజు కూడా గడ్డికి పోయింది. దాని గురించి మా ఇంట్లో ఏడుపు కూడా సరిగా జరగలేదు.

హాలు మూతపడ్డాక నేను మదనపల్లెలో సీడీల అంగడి పెట్టుకున్నాను. ఆ సినిమా సీడీ నా అంగట్లో ఎప్పుడూ ఉండేది. పుంగనూరు వాళ్ళు అడిగితే మాత్రం లేదనేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక మదనపల్లెలో ఆ నవల, సినిమా అభిమానులు ఒక సభ పెట్టుకున్నారు. పాటలు పాడటం, డైలాగులు చెప్పటం, శాలువాలు కప్పుకుని ఫొటోలు దిగటం, అంతా పెళ్ళి సందడిలా ఉంది. పుంగనూరు వైపు ఆడవాళ్ళు వ్యాను మాట్లాడుకుని వచ్చారు. వాళ్ళతో అక్క కూడా వచ్చింది. ఇంటి బయట ఆమె అంత గట్టిగా నవ్వడం చూసి చాలా కాలమైంది.

రిటైరైన టీచరమ్మ ఒకామె నవల చివరి పేజీ చదివింది. పుంగనూరు వరసలో గొడవ లేచింది.

"పుస్తకంలో ఏమన్నా రాసుకోనీ, సినిమాలో కలుస్తారు!" అని పెద్దమ్మ లేచి నిలబడింది. ముసలిదైనా గొంతు తగ్గలేదు.

"లేదమ్మా, సినిమాలో కూడా కలవరు" అంది టీచరమ్మ.

"నువ్వు యాడ సూస్తివో! మేము కళ్ళారా సూసినాము. అదో మా ఆపరేటరు ఆడనే ఉండాడు, అడుగు."

మైకు నా చేతికి వచ్చింది. హాలంతా నా వైపు తిరిగింది. అక్క కూడా తిరిగింది, నవ్వుతూనే.

"మా దగ్గరికి వచ్చిన ప్రింటు పాడైపోయిందండీ. చివరి రీలు నడిచేది కాదు" అన్నాను.

అందరూ నవ్వారు. పెద్దమ్మ మాత్రం నన్ను బూతు తిట్టింది, దానికి ఇంకా నవ్వారు. అక్క నవ్వు ఆగిపోయింది. సభ అయ్యాక ఆమె వ్యాను ఎక్కలేదు. నా వెనకే అంగడి దాకా నడిచి వచ్చింది.

"ఆ పొద్దు వేరే ప్రింటంటివి. ఈ పొద్దు పాడైపోయినాదంటివి. ఏది నిజమప్పా?"

మా అక్క నన్ను ఎప్పుడూ 'ఏరా' అనే పిలిచేది. ఆ రోజు 'అప్పా' అంది, అంగట్లో బేరం చేసే మనిషిని అన్నట్టు.

చెప్పాను. బస్సు, పాలు, శుభం ముక్క, పెరట్లో చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాను. ఆమె వినేసి, "సూపీ" అంది. సీడీ పెట్టి చివరికి జరిపాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. అంగట్లోకి వచ్చేవాళ్ళకు దారి ఇస్తూ, పక్కకు జరుగుతూ, నిలబడే చూసింది. అయిపోయాక ఇంకోసారి పెట్టమంది. తర్వాత నా అంగడి షట్టరు వైపు చూసి, "కుప్పం పోదాం, రేపు" అంది.

మరుసటి రోజు ఇద్దరం బస్సెక్కాం. ఇప్పుడు పోయి ఏం చేస్తావని అడగాలనుకుంటూ నేను దారంతా కిటికీ తీస్తూ, మూస్తూ కూర్చున్నాను. బావ ఇంటి ముందు రాతి దుమ్ము పేరుకుని ఉంది. ఆయన తల నెరిసింది. ఆయన భార్య మమ్మల్ని లోపలికి రమ్మని, ఎవరో తెలిశాక కూడా ముఖం మార్చకుండా కాఫీ పెట్టింది. అక్క గ్లాసు పట్టుకుని నేరుగా అడిగింది.

"నేనే వచ్చింటే ఇంట్లోకి రానిచ్చింటావా?"

బావ చేతుల దుమ్ము దులుపుకున్నాడు.

"బస్టాండు కాడికి పోయి సూసేవాణ్ణి. పుంగనూరు మనుషులు దిగుతారని. నువ్వు పొగరుబోతుదానివని మా యమ్మ అనింది. నేను గూడా ఆ మాటే పట్టుకుంటిని" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఆవును అమ్మింది తప్పే" అన్నాడు.

అక్క కాఫీ తాగేసింది. ఆయన భార్యతో, "బాగుండాది కాఫీ, పాలు యాడివి?" అని అడిగింది. ఆమె ఏదో చెప్పింది. ఇద్దరూ పాల ధర గురించి కాసేపు మాట్లాడుకున్నారు. నేను వీధిలోకి వచ్చేశాను.

తిరుగు ప్రయాణంలో పలమనేరులో బస్సు మారేటప్పుడు నేను క్షమించమన్నాను. ఏడుస్తూ కూడా అన్నాను, జనం చూస్తున్నా.

"ఏడవొద్దు, సూసేవాళ్ళు నేను నిన్ను కొట్టినాననుకుంటారు" అంది అక్క. "ఆ రీలు సూసింటే నేను కుప్పానికి వచ్చింటానో లేదో, నాకు తెలీదు. రాకపోయింటానేమో గూడా. తెలుసుకునేదానికి లేకుండా జేస్తివి, అంతే." పుంగనూరు బస్సు వచ్చింది. ఆమె ఆడవాళ్ళ సీట్లలో కూర్చుంది. నాకు వెనక నిలబడటానికి చోటు దొరికింది.

ఆ తర్వాత ఆమె పల్లెలు తిరిగి, ఆ మ్యాట్నీలు చూసిన ఆడవాళ్ళకు చివరి రీలు కథ తనే చెప్పింది. కొందరు నమ్మారు. పెద్దమ్మ చివరిదాకా నమ్మలేదు. నాతో అక్క మాట్లాడుతుంది, మా ఇంటికి వస్తుంది, నా పిల్లలకు తినడానికి తెస్తుంది. పొగరు మాట ఎక్కడైనా వినబడితే, అసలు సంగతి నేను చెప్తానని చాలాసార్లు అన్నాను. "ఎవురికి సెప్తావు? అందురూ సచ్చిపోతాండారు" అంటుంది. ఇది రాస్తున్నానని చెప్పినప్పుడు వద్దనలేదు. తనను మంచిదాన్ని చేసి రాయొద్దని మాత్రం అంది. ఈ మాటలు చదివే బంధువులకు ఒకటే మనవి. అక్క గురించి అనాలనుకున్నది ఇక మీద ఆమెను కాదు, నన్నే అనండి.