మాస్టారి మిషన్ గురించి నా సాక్ష్యం

మా కీబోర్డు మాస్టారు పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది ఆయన భార్య. మేమంతా ఆవిడను అమ్మగారనే అంటాం. "మీ మాస్టారు లేవలేదయ్యా" అన్నారు. చేతిలో ఉన్న సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టి, షాపు షట్టరు దించి వెళ్లాను.

మర్నాడు సమాధుల తోటలో పాస్టరుగారు ఆయన గురించి బాగానే మాట్లాడారు. నలభై ఏళ్లు మన చర్చిలో వాయించారన్నారు. ఎవరికీ తలవంచలేదన్నారు. తర్వాత ఏడుస్తున్నవాళ్లను కాస్త తేలికపరచాలనుకున్నారేమో, తెర వెనక పందెం సంగతి ఎత్తుకున్నారు. "అంతటి మాస్టారు కూడా ఒక రోజు తన మిషన్ ఏదో తానే గుర్తుపట్టలేకపోయారు. మనందరం మట్టే కదా" అన్నారు. జనం కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. ఆ సంగతి మా పేటలో అందరికీ తెలుసు. టీ కొట్ల దగ్గర కూడా చెప్పుకుంటారు.

అది నిజం కాదు. ఆ రోజు మాస్టారు తప్పు చెప్పలేదు. అది తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది అమ్మగారూ నేనూ.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మాస్టారు ఆ నియమాన్ని ఉన్నవాళ్ల విషయంలోనూ పాటించలేదు, పోయినవాళ్ల విషయంలోనూ పాటించలేదు. అందుకని నేనూ ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

పద్దెనిమిదో ఏట నకరికల్లు నుంచి నరసరావుపేట వచ్చి ఆయన నడిపే ఆర్కెస్ట్రాలో చేరాను. వాయించడం నేర్చుకుందామని వచ్చాను. ఆయన దగ్గరున్నది జపానులో చేసిన పాత సింథసైజర్. మద్రాసులో ఎవరో సినిమా వాయిద్యకారుడి దగ్గర కొన్నారు. దాన్ని ఆయన మిషన్ అనేవారు, మేమూ అలాగే అనేవాళ్లం. అందులో తీగలు లేవు, గాలి తిత్తులు లేవు. కరెంటే గొంతు. లోపల రెండు గొంతులు ఒకే స్వరం పాడతాయి గానీ, ఎంత సరిచేసినా ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు. వెంట్రుకవాసి తేడా మిగులుతుంది. ఆ తేడా వల్ల శబ్దం నిలబడినచోట నిలబడకుండా సన్నగా కదులుతూ ఉంటుంది. మాస్టారు దానికి పెట్టిన పేరు వణుకు.

"వణకని గొంతు అబద్ధం చెప్పిద్దిరా" అనేవారు.

ఆ మిషన్‌తో ఇబ్బంది ఏమిటంటే, మా పల్నాడు ఎండకు శ్రుతి జారిపోతుంది. అరగంటకోసారి సరిచెయ్యాలి. జారింది కనిపెట్టే పని నాకు అప్పగించారు. మొదటి ఆరు నెలలు ఆయన నన్ను కీబోర్డు మెట్ల మీద వేలు పెట్టనివ్వలేదు. జనం చివర నిలబడి, శ్రుతి జారినప్పుడు చెయ్యెత్తాలి. ముందే ఎత్తితే తిట్లు. ఆలస్యంగా ఎత్తితే మైకు వైరుతో వేళ్ల మీద కొట్టేవారు.

కొట్టడం ఒక్కటే కాదు, ఆయన దగ్గర వేరే శిక్షలు కూడా ఉండేవి. ఒక గాయకుడు రిహార్సల్‌కు రాకుండా నేరుగా స్టేజీ ఎక్కాడు. మాస్టారు అతన్ని పాడనిచ్చారు. పాట సగంలో ఉండగా మిషన్ పక్కనున్న శ్రుతి మార్చే చక్రాన్ని ఎవరికీ తెలియకుండా కొద్దికొద్దిగా పైకి తిప్పుతూ పోయారు. శ్రుతి పెరుగుతోంది, దాంతోపాటు అతనూ ఎక్కాల్సి వస్తోంది. చివరికి పై స్వరం దగ్గర గొంతు చీలిపోయింది. జనం ఈలలు వేశారు. అతను కిందికి దిగి కూర్చుని ఏడ్చాడు. మాస్టారు వెళ్లి టీ గ్లాసు చేతికిచ్చి, "రేపు రిహార్సల్ పది గంటలకు" అని మాత్రం చెప్పి వచ్చారు. అతను మర్నాడు తొమ్మిదిన్నరకే వచ్చాడు.

నా వంతు కోటప్పకొండ తిరునాళ్లలో వచ్చింది. దీపాలతో అలంకరించిన ఎత్తైన ప్రభ ముందు కట్టిన స్టేజీ మీద మా కార్యక్రమం. ఏడాది తర్వాత మొదటిసారి నన్ను ఒక పాటకు వాయించమన్నారు. దీపాలు అప్పుడే వెలిగించారు, కొండ కింద కాలు పెట్టే చోటు లేదు. రెండో చరణంలో శ్రుతి జారింది. నా ధ్యాసంతా వేళ్ల మీదే ఉంది, నాకు వినపడలేదు. మాస్టారు పాట ఆపించి మైకు తీసుకున్నారు.

"అయ్యా, తప్పు మాది కాదు. వీడికి చెవుల బదులు దేవుడు రెండు ఇడ్లీలు పెట్టి పంపాడు. చెవి లేదు వీడికి."

అంత మంది ఒకేసారి నవ్వడం నేను మళ్లీ వినలేదు. మా ఊరివాళ్లూ ఉన్నారు వాళ్లలో. ఆ తర్వాత నేను వాయించడానికి ఏ మెట్టు మీదా వేలు పెట్టలేదు.

ఆర్కెస్ట్రా మానేసి చిన్న షాపు పెట్టుకున్నాను. ఆంప్లిఫయర్లు, కీబోర్డులు, చర్చి మైకులు బాగుచేస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పడం, పాడుచెయ్యడం, మళ్లీ విప్పడం. ఏ మిషన్ ఏ రోజు వచ్చిందో, అందులో ఏం మార్చానో రోజూ పుస్తకంలో రాసుకుంటాను. షాపు పెట్టిన వారానికి మొదట వచ్చింది మాస్టారే. పగిలిన ఆంప్లిఫయర్ ఒకటి బల్ల మీద పెట్టి, "వాయించలేనోడు బాగుచేస్తాడంట. పెళ్లికానోడు సంబంధాలు కుదిర్చినట్టుంది" అన్నారు. కానీ ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఏ ఆర్కెస్ట్రావాడి సామాను పాడైనా నా దగ్గరికే పంపారు. నా బల్ల ముందు స్టూలేసుకుని కూర్చునేవారు. నేను మీటరు తీస్తే, "కళ్లతో చూడమాకు. పెన్సిలుతో తట్టు. పాడైంది తనే చెప్పిద్ది" అనేవారు. నిజంగానే చెప్పేది. ఇవాళ నేను తింటున్న అన్నం ఆ తిట్లలోనిదే. అందులో నాకు అనుమానం లేదు.

రెండేళ్ల కింద పాస్టరుగారి అల్లుడు కొత్త మిషన్ ఒకటి తెప్పించాడు. ఆయన కాలేజీలో లెక్చరరు, నెమ్మదైన మనిషి. మాస్టారి దగ్గరున్న మోడల్‌నే ఆ కంపెనీవాళ్లు ఇన్నేళ్ల తర్వాత మళ్లీ తయారుచేసి అమ్ముతున్నారట. అవే బటన్లు, అవే చెక్క అంచులు, లోపల అవే రెండు గొంతులు. అది వస్తోందని తెలియగానే చర్చి పెద్దల్లో మాటలు మొదలయ్యాయి. మాస్టారికి వయసైంది, చెవి మందగించిందేమో, ఇక అల్లుడుగారు వాయిస్తే పోలేదా అన్నారు. ఆ మాట మాస్టారి దాకా వచ్చింది.

ఆయన అడ్డం పడలేదు. "రెండూ తెర వెనక పెట్టి వాయించండి. నా మిషన్ నేను గుర్తుపట్టకపోతే చర్చిలో వాయించే కుర్చీలో మళ్లీ కూర్చోను" అన్నారు.

అంతకు పది రోజుల ముందే ఆయన మిషన్ నా దగ్గరికి వచ్చింది. వాల్యూం తిప్పితే గరగరమంటోంది. "ఆ గరగర ఒక్కటి తియ్యి. ఇంకేం ముట్టుకోమాకు" అని చెప్పి వెళ్లారు.

నేను ముట్టుకున్నాను. లోపల చూస్తే భాగాలన్నీ ముసలివైపోయి ఉన్నాయి. ఆయన ఒక్క మంచి మాట అంటారేమోనని ఆశ. కరెంటు సరఫరా చేసే కెపాసిటర్లన్నీ మార్చాను. శ్రుతి స్క్రూలు కొత్తవి వేశాను. మీటరు పెట్టి రెండు గొంతులనూ గీత గీసినట్టు కలిపాను. అన్ని దశాబ్దాల్లో మొదటిసారి అవి రెండూ ఒకటిగా పాడాయి. నాకు గర్వమేసింది. వణుకు పోయిందన్న ఆలోచన నాకు రాలేదు. నా దృష్టిలో అది రోగం, నేను తగ్గించాను. ఆదివారం పొద్దున షాపు నుంచి నేరుగా చర్చికే తీసుకెళ్లాను. బాగుచేశాక మాస్టారు దాన్ని ఒక్కసారి కూడా వినలేదు.

ఆరాధన అయ్యాక దుప్పటి ఒకటి తెరగా కట్టారు. వైర్లు కలిపింది నేను కాబట్టి నేనూ తెర వెనకే ఉన్నాను. దుప్పటి అంచు సందులోంచి చూస్తే మాస్టారు మొదటి బెంచీలో కళ్లు మూసుకుని కూర్చున్నారు. అల్లుడుగారు ముందు పాత మిషన్ మీద ఒక కీర్తన వరుస వాయించారు. తిన్నగా, బిగుతుగా, సున్నం కొట్టిన గోడలా వచ్చింది శబ్దం. తర్వాత అదే వరుస కొత్తదాని మీద వాయించారు. అది అప్పుడే అట్టపెట్టెలోంచి తీసి స్విచ్ వేసింది. ఇంకా వేడెక్కలేదు, గొంతులు రెండూ కుదురుకోలేదు. ఆ శబ్దం సన్నగా వణికింది.

ఏం జరగబోతోందో నాకు అప్పుడే అర్థమైంది. మాస్టారు ఇంకా నోరు తెరవలేదు.

"రెండోది నాది" అన్నారు ఆయన. ముఖం మీద నవ్వుంది. "మొదటిది చచ్చిన గొంతు. రెండోది వణుకుతంది. ఇనపట్లా మీకు?"

తెర తీశారు.

వెనక నుంచి ఒక పెద్దమనిషి, "ఇంట్లో ఆవిడకీ పక్కింటావిడకీ తేడా తెలియకపోతే ఎట్టా మాస్టారూ" అన్నాడు. నవ్వులు అక్కడ మొదలై ముందు బెంచీల దాకా వచ్చాయి. ఏళ్లుగా ఆయన తిట్లు తిన్నవాళ్లు చానామందే ఉన్నారు అక్కడ. అల్లుడుగారొక్కడే తల దించుకున్నాడు.

మాస్టారు వాళ్లెవరి వంకా చూడలేదు. నా వంక చూశారు.

"ఒరేయ్, నా మిషన్‌కి ఏం చేశావు?"

"గరగర తీశానండి. అంతే."

ఆ మాట ఎందుకన్నానని ఎన్నోసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. భయపడ్డానని చెప్పుకోవచ్చు. భయం కాదు. జనం ఆయన్ను చూసి నవ్వుతున్నారు, నాకది బాగుంది.

ఆయన తల ఊపారు. నా మాట నమ్మారు, తన చెవిని నమ్మలేదు. లేచి వెళ్లిపోయారు. ఆ కుర్చీలో మళ్లీ కూర్చోలేదు.

తర్వాత గుంటూరు వెళ్లి చెవి డాక్టరుకు చూపించుకున్నారు. ఈ వయసుకు మీ చెవులు చాలా నయమని డాక్టరు అన్నాడట. మాస్టారే పట్టుబట్టి చెవి మిషన్ పెట్టించుకుని వచ్చారు. అది అప్పుడప్పుడు కీచుమని అరిచేది, జనం ఆయనతో గట్టిగట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరు పాడినా ఆయన తప్పు పట్టడం మానేశారు. "నాకేం తెలిసిద్దిలే" అనేవారు. ఆ మాట ఆయన నోట వింటుంటే వింతగా ఉండేది. సింథసైజర్ మీద దుప్పటి కప్పేశారు. నా షాపు ముందునుంచి వెళ్లేటప్పుడు మాత్రం ఆగి, పనెలా ఉందని అడిగేవారు. ఒక్క తిట్టు లేదు. నేను దానికే ఎక్కువ బాధపడ్డాను.

ఈ వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్లి చెప్పేశాను. మంచం మీద కూర్చుని ఉన్నారు, అమ్మగారు వంటింటి గుమ్మంలో ఉన్నారు. నేను మొదలుపెట్టగానే ఆయన చెవి మిషన్ తీసి పక్కన పెట్టారు. మొత్తం విన్నారు. ఏమేం మార్చావన్నారు. పుస్తకంలో రాసుకున్నది రాసుకున్నట్టు ఒక్కొక్కటే చెప్పాను.

"వాయించినప్పుడే తెలిసిందా నీకు?"

"తెలిసిందండి. మీరు చెప్పకముందే."

ఆయన నవ్వారు. దగ్గొచ్చేదాకా నవ్వారు.

"అయితే చెవి ఉందిరా నీకు. చెవి వెనక మనిషే లేడు."

ఇరవై ఏళ్లుగా నేను ఎదురుచూసిన మాట అలా వచ్చింది.

క్షమించమని అడిగాను. "నాకు చెప్పి ఏం లాభం? నవ్వినోళ్లకు చెప్పు. ఆదివారం సాక్ష్యాలప్పుడు లేచి చెప్పు" అన్నారు. మా చర్చిలో పాటలకూ ప్రసంగానికీ మధ్య, దేవుడు చేసిన మేలు గానీ, తాము చేసిన తప్పు గానీ ఎవరైనా లేచి చెప్పుకునే సమయం ఒకటుంది. సరేనన్నాను.

ఆ మాటను ఇప్పుడు ఇక్కడ చెల్లించుకుంటున్నాను. ఇది చదివేవాళ్లలో ఆ రోజు చర్చిలో ఉన్నవాళ్లుంటారు. మాస్టారు గుర్తుపట్టింది సరైనదే. ఆయన మిషన్ గొంతు మార్చింది నేను. అడిగితే అబద్ధం చెప్పింది నేను.

మాస్టారు పోకముందు నేను చెప్పాల్సిన ఆదివారాలు మూడు గడిచాయి. రెండేళ్లు చర్చి మొహం చూడని మనిషి ఆ మూడు వారాలూ వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, మూడో వరుసలో నడవ పక్కన కూర్చునేవారు. మొదటివారం నేను లేవలేదు. రెండోవారం బెంచీ అంచు పట్టుకున్నాను గానీ లేవలేదు. మూడోవారం బయట వాన పడుతోంది. సాక్ష్యం చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా అని పాస్టరుగారు అడిగారు. మాస్టారు వెనక్కి తిరిగి చూడలేదు. చెవి మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. ఎవరో ఒకావిడ లేచి, చావబోయిన గేదె ప్రార్థనతో ఎలా బతికిందో చెప్పడం మొదలుపెట్టింది. చెప్పి కూర్చుంది. ఇంకెవరైనా ఉన్నారా అని పాస్టరుగారు మళ్లీ అడిగారు. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మాస్టారు తల కొంచెం పక్కకు వంచి, నేను కూర్చున్న వైపుకు చెవి పెట్టి ఉన్నారు.