జిరాక్స్ బొమ్మ

షెడ్డులో అతన్ని అందరూ జిరాక్స్ అంటారు. ఆ పేరు పెట్టింది బావ. కార్ల వైరింగ్ బొమ్మలన్నీ రంగుల్లో కనిపించే ట్యాబ్ ఒకటి ఓనరు కొనిపెట్టాడు. ఇతను మాత్రం ప్రతిసారీ పక్క సందులోకి పోయి, అదే బొమ్మను నలుపు తెలుపులో కాపీ తీయించుకుని వస్తాడు.

"ఇంట్లో కలర్ టీవీ పెట్టుకుని రేడియో వినే రకంరా నువ్వు" అని ఇంజన్ల దగ్గర్నుంచి బావ ఎగతాళి చేస్తాడు. అతను నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు ఎందుకో అతని అక్క ఒక్కదానికే తెలుసు. ఆ అక్క మొగుడే ఈ బావ. అయినా బావకి తెలియదు.

జిరాక్స్‌కి ఎరుపూ ఆకుపచ్చా వేరువేరుగా కనిపించవు. గోధుమరంగు వాటిలో ఎటో ఒకవైపు కలిసిపోతుంది. లేత ఆకుపచ్చా పసుపూ అయితే కవలపిల్లలే. చిన్నప్పుడు బళ్ళో చెట్టుకు ఎర్రటి ఆకులు వేస్తే మాస్టారు చెవి మెలిపెట్టి "వెటకారమా?" అన్నాడు. ఆ సాయంత్రం అక్క బ్లేడు తీసుకుని అతని రంగు పెన్సిళ్ళకు గాట్లు పెట్టింది. ఎరుపుకి ఒక గాటు, ఆకుపచ్చకి రెండు. "ఎవరికీ చెప్పకు, ఏడిపించి చంపుతారు" అంది. ఆమె ప్రేమతో అన్న మాటే. కానీ ఆ మాటలోంచి అతను మళ్ళీ బయటికి రాలేకపోయాడు.

మరి అలాంటివాడు రంగురంగుల వైర్ల మధ్యకి ఎందుకొచ్చి పడ్డాడంటే, కోరి వచ్చింది కాదు. శిక్షణ కేంద్రంలో మిగతా సీట్లన్నీ నిండిపోయి ఆటో ఎలక్ట్రీషియన్ సీటు మిగిలింది. మొదటి వారమే పారిపోదామనుకున్నాడు. అప్పుడు అక్కడి మాస్టారు అందరికీ కారు వైరింగ్ బొమ్మ పంచాడు. కేంద్రంలో రంగు ప్రింటరు లేదు. జిరాక్స్ మీద జిరాక్స్ తీసిన కాగితం, గీతలన్నీ నలుపే. "ఏ వైరు ఏదో ఎలా తెలుస్తుంది సార్?" అని క్లాసంతా గోల పెట్టింది. ఇతను ఒక్కడే ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆ కాగితం ముందు క్లాసంతా అతనిలాగే అయిపోయింది.

ఆ బొమ్మను అతను ఊరి దారుల్లా నేర్చుకున్నాడు. పైన బ్యాటరీ, కింద ఎర్త్. కరెంటు పైనుంచి బయల్దేరి, ఫ్యూజు దాటి, స్విచ్చి దాటి, దీపంలోనో మోటారులోనో పని చేసి, కిందికి దిగి కారు బాడీలో కలిసి మళ్ళీ బ్యాటరీకి చేరాలి. దీపం వెలగకపోతే అందరూ వెళ్ళే దారిలోనే వెతుకుతారు. అతను ముందు తిరుగుదారి చూస్తాడు. తిరిగి వచ్చే దారి లేని కరెంటు బయల్దేరనే బయల్దేరదు. ఇక వైర్లంటారా, అవి ఎక్కడికక్కడ కప్లర్ అనే ప్లాస్టిక్ దిమ్మలో గూళ్ళలోకి దూరి ఉంటాయి. గూటికో నంబరు ఉంటుంది. బొమ్మలోనూ అదే నంబరు. అతను గూళ్ళు లెక్కపెట్టుకునేవాడు. రంగుతో పనే లేదు.

అలా ఏళ్ళు గడిచాయి. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఒక్క బండి కూడా అతని చేతిలోంచి చెడిపోయి తిరిగి రాలేదు. అయినా భయం పోలేదు. కిందటేడు రంగులు కలిపే పెయింటర్ తాతకి చూపు మసకబారింది. ఒక తలుపుకి రంగు కాస్త ముదురుగా పడింది. "కళ్ళు లేనోడికి కార్ల మీద పనేంటి?" అని ఓనరు ఆ పూటే పంపించేశాడు. గాలి ఆడని ఆ గదిలో, ముక్కుకి గుడ్డ కూడా లేకుండా ఇన్నేళ్ళు థిన్నరు పీల్చబట్టే ఆ కళ్ళు పోయాయేమోనని ఎవరూ అడగలేదు. జిరాక్స్ కూడా అడగలేదు. ఆ రోజు నుంచి ఓనరు చెప్పుల చప్పుడు వినబడితే చాలు, చేతిలో వైరు మీద అతని వేళ్ళు బిగుసుకుపోయేవి.

ఆ కారు వచ్చింది ఎండాకాలం మధ్యాహ్నం. దానంతటది లాక్ అయిపోతోందట. డ్యాష్‌బోర్డు కింద దూరి చూస్తే కప్లర్ లేదు. ఎవడో చవక అలారం బిగించబోయి దాన్ని కోసి పారేసి, వైర్లను ఒకదానికొకటి మెలేసి టేపు చుట్టాడు. గూళ్ళు లేవు, నంబర్లు లేవు. మిగిలినవి రంగులే.

'ఇది నా వల్ల కాదు' అంటే సరిపోయేది. కానీ ఆ మాటకి ఓనరు "ఎందుకు?" అంటాడు. ఆ ఎందుకుకి జవాబు లేక, టేపు విప్పాడు.

తాళాలనూ అద్దాలనూ నడిపే పెట్టెను ఊడదీసి పక్కన పెట్టాడు. తాళం మోటార్లు బాగున్నాయో లేదో తెలియాలంటే తలుపులు మూసి వైర్లకు నేరుగా కరెంటు ఇచ్చి చూడాలి. మూశాడు. గోధుమరంగు అనుకున్నదానికి ఎర్త్ ఇచ్చి, ఇంకోదానికి కరెంటు తగిలించాడు. చిటుక్కున నిప్పురవ్వ లేచింది. నాలుగు తలుపుల్లోనూ ఒకేసారి ధబ్బుమంది. ఉలిక్కిపడి చెయ్యి వదిలేశాడు. పట్టుకున్న వైర్లు ఎగిరి కట్టలో కలిసిపోయాయి.

పడింది మామూలు లాక్ కాదు, డబుల్ లాక్. దొంగ అద్దం పగలగొట్టి చెయ్యి పెట్టినా తలుపు రాకుండా లోపలి పిడి కూడా పనిచేయదు. అద్దాలు దించాలన్నా ఆ పెట్టే కావాలి, దాన్ని మళ్ళీ కలపాలన్నా రంగులు తెలియాలి. బయటినుంచి తీయడానికి తాళంచెవి కూడా లోపలే ఉంది.

అతను అద్దం మీద కొట్టాడు. బావ పరిగెత్తుకొచ్చాడు.

"ఏం బావమరిదీ, కారు నచ్చి కాపురం పెట్టేశావా?"

"నవ్వకు బావా. డబుల్ లాక్ పడింది."

బావ మొహంలో నవ్వు ఆరిపోయింది. చక్రాల స్పానరు తెచ్చి అద్దం మీదికి ఎత్తాడు. వెనకనుంచి ఓనరు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏయ్, ఆగాగు! ఆ అద్దం ఇక్కడ దొరకదు. సాయంత్రం కస్టమరొచ్చి అడిగితే నీ మొహం చూపించనా?"

"లోపల మనిషున్నాడు సార్!"

"ఉంటే? వైరింగోడే కదా, వాడే తీసుకుంటాడు. పది నిమిషాలు ఓపిక పట్టలేరా?"

అద్దం లోపల అంతా వినిపిస్తోంది. ఒళ్ళంతా చెమట కారుతోంది. పీల్చిన గాలే మళ్ళీ పీలుస్తున్నట్టుంది. బావ బొమ్మ కాగితం తెచ్చి అద్దానికి ఆనించి పట్టుకున్నాడు. అందులో దారి, పక్కన అచ్చయిన రంగుల పేర్లతో సహా, అతనికి స్పష్టంగానే ఉంది. లేత ఆకుపచ్చ మీద తెల్లగీత ఉన్న వైరుకి కరెంటు, గోధుమరంగుకి ఎర్త్ ఇస్తే లాక్ వెనక్కి తిరుగుతుంది. కానీ అదే కట్టలో ఎయిర్‌బ్యాగ్ వైర్లు కూడా ఉన్నాయి. అవి పసుపు, వాటి మీదా తెల్లగీతే. పొరపాటున వాటిని ముట్టిస్తే ఆ సంచీ బాంబులా పేలి అతని మొహం మీదికి వస్తుంది. కట్టలోకి చూశాడు. ఆకుపచ్చా పసుపూ, కవలపిల్లలు, అతని మొహంలోకే చూస్తున్నారు.

"గోధుమరంగు నీ బొటనవేలి పక్కనే ఉంది కదరా! కనబడట్లేదా?" బావ అరుస్తున్నాడు.

ఓనరు వంగి లోపలికి చూస్తున్నాడు. పెయింటర్ తాత తన డబ్బాలు సర్దుకున్న గది తలుపు ఓనరు భుజం మీదుగా కనిపిస్తోంది. చెప్తే పని పోతుంది. గుడ్డిగా ముట్టిస్తే మొహం పోతుంది. ఊరికే కూర్చుంటే ఊపిరి పోతుంది. చెమట కంట్లోకి దిగింది.

"బావా!" గొంతు చించుకుని అరిచాడు. "నాకు రంగులు తెలీవు!"

సరిగ్గా అప్పుడే షెడ్డు మూలన మోగుతున్న గ్రైండరు ఆగింది. షెడ్డంతా విన్నది.

బావ నోరు తెరుచుకుని చూశాడు. "తెలీకపోవడమేంటిరా?"

"కనబడవు బావా. పుట్టినప్పట్నుంచీ అంతే. అక్కనడుగు."

"మీ అక్కకి తెలుసా? నా దగ్గర దాచిందా?" అని ఒక్క క్షణం బావలోని మొగుడు రోషపడ్డాడు. మరుక్షణం అద్దానికి మొహం ఆనించాడు. "సరే, ఒక్కొక్కటీ పైకెత్తు. నేను చెబుతా."

"ఇదా?"

"కాదు, ఎరుపు."

"ఇది?"

"వద్దు! పసుపు అది, వదిలెయ్!"

"ఇది?"

"అదే. ఆకుపచ్చ మీద తెల్లగీత. దాన్ని వదలకు. ఇప్పుడు గోధుమ... ఇంకొంచెం ఎడమకి... ఆఁ, పట్టుకో!"

ధబ్బుమంది. పిడి లాగితే తలుపు తెరుచుకుంది. బయటి వేడిగాలే అతనికి చల్లగా తగిలింది.

"ఇన్నాళ్ళూ నా కార్ల మీద ప్రాక్టీసు చేశావన్నమాట" అన్నాడు ఓనరు.

"సార్, ఇన్నాళ్ళలో వీడు చేసిన బండి ఒక్కటైనా తిరిగొచ్చిందా?" బావ అడ్డం పడ్డాడు.

"ఇవాళ వచ్చేదిగా. రేపట్నుంచి వైర్లు ముట్టుకోవద్దు. వాటర్ సర్వీసులో ఉండు. ఇష్టమైతేనే."

ఇష్టమా? ఇంట్లో పిల్లలున్నవాణ్ణి ఇష్టం గురించి అడగడం ఎంత సుఖమో ఓనర్లకే తెలుసు. అతను మర్నాటి నుంచి బురద చక్రాలు కడిగాడు. షెడ్డుకి ఆ చివర, గోడకీ కాలవకీ మధ్య ఇరుకు జాగా. చుట్టూ నీళ్ళే, చేతులు నానిపోయేవి.

కొన్నాళ్ళకి ఒక పొద్దున ఓనరు ఆ బురదలోకి నడిచి వచ్చాడు. చేతిలో కాగితం ఉంది. నలుపు తెలుపు కాపీ. తనే వెళ్ళి తీయించుకొచ్చినట్టున్నాడు.

"నీ జాగాలో పెట్టిన కొత్తవాడు నిన్నట్నుంచి తంటాలు పడుతున్నాడు. హెడ్‌లైట్లు వేస్తే మీటరు ఆరిపోతోంది. ఎక్కడ తెగిందో ఇందులో చూసి చెప్పు చాలు. బండి దగ్గరికి రానక్కర్లేదు."

అతను తడిచెయ్యి తగలకుండా వంగి చూశాడు. చూపు అలవాటుగా తిరుగుదారిలోకే పోయింది. రెండింటికీ ఒకే ఎర్త్ ఉంది. అక్కడ బోల్టు వదులై ఉంటుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే రేపు ఇంకో కాగితం వస్తుంది, ఎల్లుండి ఇంకోటి. గోడకీ కాలవకీ మధ్య నిలబడి ఎప్పటికీ చెబుతూనే ఉంటాడు.

"ఇలా అయితే నా వల్ల కాదు సార్" అన్నాడు.

"ఎందుకు?"

ఇన్నేళ్ళు అతన్ని భయపెట్టిన ప్రశ్న ఇదే.

"బండి దగ్గర నిలబెడితే చేస్తాను. రంగు చెప్పడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. చాటుగా మాత్రం చెప్పను. చాటుగా బతికింది చాలు."

"అంటే బెదిరిస్తున్నావా?"

"లేదు సార్. అడిగారు కాబట్టి చెప్పాను."

ఓనరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అటు బానెట్ ఎత్తిన కారు అలాగే నిలబడి ఉంది. అతను పైపు తీసుకున్నాడు. సాయంత్రం ఈ పైపు కూడా చేతిలో ఉంటుందో లేదో తెలియదు.

ఇంజన్ల దగ్గర్నుంచి బావ గొంతు పెంచాడు. "ఒరేయ్ జిరాక్స్! కడిగేది ఎర్రబండా, పచ్చబండా?"

షెడ్డు మొత్తం వినేలా అతను కూడా అరిచాడు. "నాకేం తెలుసు? నువ్వే చెప్పు బావా!"