కిటికీ తగాదా మీద సూర్యాపేట, కోదాడ ప్రయాణం

మూడు వారాలుగా, స్లాబు పోసేటప్పుడు కింద నిలబెట్టే నా సెంట్రింగ్ షీట్లు, జాకీలు కోదాడలో ఒక కొత్త ఇంట్లో తాళం వెనకే ఉండిపోయాయి. అవి లేక దామరచర్లలో నేను పోయాల్సిన స్లాబు ఆగింది. ఇంకో వారం గడిస్తే ఆ పని వేరేవాళ్ల చేతికి పోతుంది. మిర్యాలగూడలో చిన్న ఇళ్లు కట్టి ఇస్తూ బతికే నాకు అది మామూలు దెబ్బ కాదు. వంటింటి కిటికీని తాను చెప్పని చోట పెట్టానని గొడవపడి, ఆ ఇంటి యజమానే తాళం వేశారు. వకీలు సలహా తీసుకుందామని మంగళవారం పొద్దున్నే బయలుదేరాను.

ఏడు గంటల బస్సు ఎనిమిదిన్నరకు సూర్యాపేటలో దించింది. టికెట్టు వంద లోపే. బస్టాండు బయట ఇడ్లీ తిని, ఇరవై రూపాయల షేర్ ఆటోలో వకీలు మేడమ్ ఆఫీసుకు చేరాను. కట్టడాల తగాదాలే ఆమె ఎక్కువగా చూస్తారు.

"కిటికీ జాగా మార్చుమన్నట్టు కాగితం ఉన్నదా?" అని అడిగారు.

"లేదు మేడమ్. సారే ఇటుక ముక్కతోని గోడ మీద గీసి చూపిండు. మా పనుల గట్లనే నడుస్తది."

"మరి ఆ గోడ?"

"ప్లాస్టరింగ్ చేసేసినం."

ఆమెకు నవ్వాగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"కోర్టుకు పోవచ్చు, గానీ అందాక మీ స్లాబు ఆగుతదా? ముందుగాల కూసొని మాట్లాడుదాం. మీ దిక్కు తప్పేమన్న ఉంటే మీరే ముందు చెప్పుండ్రి," అన్నారు. మధ్యాహ్నం ఆమెకు కోదాడలో పనుంది. యజమానికి ఫోన్ చేసి ఒప్పించి, నాతోపాటే పదకొండు గంటల బస్సెక్కారు. హైవే మీద గంట ప్రయాణం. దారంతా నా తప్పే నాకు కళ్ల ముందు ఆడింది.

రిటైరైన టీచరు ఆ యజమాని. మేం కూర్చోకముందే మొదలుపెట్టారు.

"రోడ్డు వైపు కిటికీ నేనెందుకు పెట్టమంటానండీ? వంటిల్లంతా బయటికి కనపడుతోంది!"

మేడమ్ అన్నట్టే నా తప్పు నేనే ముందు చెప్పేశాను. "జాగా మీరే చూపిన్రు సార్. గానీ మీరు గీసినదానికంటే జానెడు కిందికి పెట్టింది నేనే. గందుకే లోపలిది కనవడుతున్నది. నా ఖర్సుతోనే పైకి జరుపుత."

టీ తెచ్చిన వాళ్లావిడ ఆయనతో అన్నారు: "గీసింది మీరే కదండీ. చేతులు ఎర్రగా అయితే నేనే నీళ్లు పోశాను. తప్పంతా మన మీదికి తోస్తారేమోనని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు."

"గీసే ఉంటాన్లే," అంటూ ఆయన తాళంచెవి తేవడానికి లేచారు. మేడమ్ రాసిన రాజీ కాగితం మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. నా ప్రాణం లేచొచ్చింది.

ఆ జానెడు సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తాళం వేసింది ఆయనే అయినా, మూడు వారాలు దాన్ని తీయనివ్వంది నేనే. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క మాట: సామాను తెచ్చుకునే బండిని ముందే మాట్లాడుకోండి. తగువు తెగుతుందన్న నమ్మకం లేక నేను మాట్లాడుకోలేదు. అందుకే రెండు గంటలు కోదాడ రోడ్డు మీద, నా జాకీల పక్కన, నవ్వుకుంటూ నిలబడ్డాను.